ఉన్న ఆటగాళ్లను బట్టి వ్యూహం

సంపాదకులకు,

అయ్యా,

ఫుట్‌బాల్ వ్యూహాల గురించి మీ ఆటల పేజీలో వారానికి ఒక్కసారైనా తెలుగులో రాయించవలసిందిగా కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాల్లో ఫుట్‌బాల్ అంటే ఇష్టపడే పిల్లలు కొందరు, కళాశాలకు వచ్చి ల్యాప్‌టాప్ చేతికందగానే, ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనే ఆట మొదలుపెడుతున్నారు. ఇందులో మనం బంతిని తన్నేది ఉండదు. ఒక క్లబ్‌కు మేనేజర్‌గా కూర్చుని, జట్టును ఎంపిక చేసి, ఎవరు ఎక్కడ నిలబడాలో, బంతి దొరికినప్పుడు ఏం చేయాలో, పోయినప్పుడు ఏం చేయాలో ముందుగా నిర్దేశించి, ఆపై మ్యాచ్‌ను గట్టు మీద నుంచి చూడడమే. దీన్ని వట్టి కాలక్షేపమని కొట్టిపారేసే పెద్దలతో నేను ఏకీభవించను. మైదానంలో ఎంత చెప్పినా తలకెక్కని కొన్ని సంగతులు ఇక్కడ ఒక్క సీజన్‌లోనే అర్థమవుతాయి.

అయితే మా పిల్లలు చాలామంది ఆటను తలకిందులుగా మొదలుపెడుతున్నారు. తమ జట్టులో ఎవరున్నారో చూడకముందే, ఎవరో తయారుచేసి పెట్టిన పేరున్న వ్యూహాన్ని దించుకుని, దానిలోకి ఆటగాళ్లను ఇరికిస్తున్నారు. 2022-23లో మాంచెస్టర్ సిటీ మూడు ప్రధాన ట్రోఫీలు గెలిచినప్పుడు, డిఫెండర్ జాన్ స్టోన్స్ బంతి తమ వద్ద ఉన్నప్పుడల్లా ముందుకు జరిగి మైదానం నడిమి భాగమైన మిడ్‌ఫీల్డ్‌లో, అక్కడ ఆడే రోడ్రి పక్కన నిలబడేవాడు. స్టోన్స్‌కు ఒత్తిడిలో బంతిని ఆపుకొని సరైన చోటుకు అందించగల నేర్పు ఉంది కనుకనే ఆ జట్టు మేనేజర్ గ్వార్డియోలా ఆ పని అతనికి అప్పగించాడు. అదే అమరికను భారత రెండో శ్రేణి లీగ్‌లోని ఒక క్లబ్‌కు తగిలిస్తే, పాస్ ఇవ్వడం సరిగా రాని డిఫెండర్ మిడ్‌ఫీల్డ్‌లో బంతి పోగొట్టుకుంటాడు, అతను ఖాళీ చేసి వచ్చిన చోటు నుంచే గోల్ పడుతుంది. అప్పుడు పిల్లలు ఆటగాడిని తిట్టుకుంటారు గాని, తప్పు అతనికి ఆ పని అప్పగించినవారిది.

ఈ ఆటలో ప్రతి ఆటగాడి వేగానికి, పాసింగ్‌కు, తలతో బంతిని కొట్టే హెడర్‌కు, ఓపికకు, నిర్ణయశక్తికి 1 నుంచి 20 వరకు మార్కులు ఉంటాయి. ఆ మార్కులను విడిగా చూసి ప్రయోజనం లేదు. వేగంలో 13 ఉన్నవాడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో సాధారణ ఆటగాడు కావచ్చు, కింది శ్రేణిలో మాత్రం అతన్ని అందుకునేవాడు ఉండడు. కనుక లీగ్‌లోని మిగతా జట్లతో మన జట్టును పోల్చి చూపే నివేదికను ముందు చదవాలి. మనం ఎందులో పైన ఉన్నాం, ఎందులో అడుగున ఉన్నామన్నది తేలాకే ఫార్మేషన్ (ఆటగాళ్ల అమరిక) గురించి ఆలోచించడం సబబు. నా అనుభవంలో అన్నింటికన్నా బాగా పనిచేసే పద్ధతి, జట్టులోని ఇద్దరు ముగ్గురు అత్యుత్తమ ఆటగాళ్లను గుర్తించి, వారికి తమ బలం చూపే అవకాశం ఎలాంటి పరిస్థితిలో దొరుకుతుందో ఆలోచించి, మిగతావారితో ఆ పరిస్థితిని కల్పించడం.

ఇక్కడ చాలామందికి బోధపడని ఒక చిక్కు ఉంది. జట్టులో మంచి వేగం ఉన్న స్ట్రైకర్ ఉన్నాడనగానే, బాగా దాడి చేయాలని, అందరినీ ముందుకు పంపి, ప్రత్యర్థి సగంలోనే తిష్ఠ వేసే వ్యూహం పెడతారు. దాని ఫలితంగా ప్రత్యర్థి డిఫెండర్లు తమ గోల్ ముందరికి వెళ్లి గుంపుగా నిలబడతారు, వారి వెనుక పరుగెత్తడానికి చోటే మిగలదు, వేగం ఉన్నవాడి వేగం వృథా అవుతుంది. అలాంటి స్ట్రైకర్‌కు కావలసింది డిఫెండర్ల వెనుక ఖాళీ. ఆ ఖాళీ రావాలంటే ప్రత్యర్థి ముందుకు రావాలి, వారు రావాలంటే మనం కొంత వెనక్కు తగ్గి, బంతిని కొంతసేపు వారికే వదిలి, అది చిక్కిన క్షణంలో నేరుగా ముందుకు వేయాలి. గాలిలోకి ఎగిరి తల తగిలించగల ఒడ్డూపొడుగూ ఉండి వేగం లేని స్ట్రైకర్ విషయంలో లెక్క పూర్తిగా మారుతుంది. అతని కోసం అంచుల నుంచి గోల్ ముందుకు ఎగరేసే క్రాసులు రావాలి, కనుక అంచుల్లో ఆడే డిఫెండర్లైన ఫుల్‌బ్యాకులు పైకి వెళ్లాలి, అతను తలతో దించిన బంతిని అందుకోవడానికి పక్కనే మరొకడు ఉండాలి.

డిఫెన్స్ విషయంలోనూ ఇదే పద్ధతి. నడిమి డిఫెండర్లైన సెంటర్‌బ్యాకులు నెమ్మదస్తులైతే డిఫెన్స్ గీతను, అంటే డిఫెండర్లు వరుసగా నిలబడే చోటును, ముందుకు జరపడం ప్రమాదకరమని అందరికీ తెలుసు. కాని ఆ గీతను మాత్రం వెనక్కు దించి, ముందువరుసకు యథాప్రకారం ప్రెసింగ్ (ప్రత్యర్థి మీద పడి బంతి లాక్కోవడం) చేయమని చెబితే, రెండు వరుసల నడుమ పెద్ద ఖాళీ ఏర్పడి, ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్లు అందులో తీరికగా తిరుగుతారు. వెనక్కు దిగితే జట్టు అంతా కలిసి దిగాలి. ప్రెసింగ్ ఎంత చేయించాలన్నది కూడా ఆటగాళ్ల ఓపికను, కష్టపడే గుణాన్ని, బల్ల మీద కూర్చున్న ప్రత్యామ్నాయ ఆటగాళ్ల స్థాయిని బట్టి నిర్ణయించవలసిన విషయమే తప్ప, టీవీలో చూసిన లివర్‌పూల్ జట్టును బట్టి కాదు.

ఇది కంప్యూటర్‌లో మాత్రమే చెల్లే లెక్క అని ఎవరైనా అంటే, 2015-16లో లెస్టర్ సిటీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచిన తీరును వారు ఒకసారి పరిశీలించాలని కోరుతున్నాను. ఆ జట్టు మేనేజర్ క్లాడియో రనియెరీ చేతిలో ఉన్న సెంటర్‌బ్యాకులు వెస్ మోర్గన్, రాబర్ట్ హూత్ బలిష్ఠులు, హెడర్లలో దిట్టలు, కాని వేగం తక్కువ. కనుక వారిని పెనాల్టీ బాక్స్ దగ్గరే ఉంచి, వచ్చిన క్రాసులన్నీ తలలతో కొట్టించాడు. ముందు జేమీ వార్డీకి అసాధారణ వేగం ఉంది. మిడ్‌ఫీల్డ్‌లో ఎన్‌గోలో కాంతే బంతిని లాక్కోగానే అతని తోటి మిడ్‌ఫీల్డర్ డ్రింక్‌వాటర్ దాన్ని వార్డీ పరుగు ముందుకు వేసేవాడు. బంతి తమ వద్ద ఉంచుకోవడంలో ఆ జట్టు లీగ్‌లో అడుగు వరుసలో ఉన్నా, వార్డీ 24, అంచున ఆడే మహ్రెజ్ 17 గోల్స్ కొట్టగా, 81 పాయింట్లతో రెండో స్థానంలోని ఆర్సెనల్ కన్నా 10 పాయింట్లు ముందు నిలిచింది. వారు ఆడింది 4-4-2, అంటే నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు ఉండే పాత అమరిక. వెనుక నిదానం, ముందు వేగం అనే రెండూ ఒకే వ్యూహంలో ఒకదానికొకటి తోడ్పడడమే అందులో నేను మెచ్చుకునే విషయం.

మన తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌కు చెందిన, భారత జట్టుకు శిక్షకుడిగా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైనప్పుడు, రహీమ్ ఆయనను పక్కన పెట్టకుండా, ఆయన దేహబలం, ధైర్యం ఎక్కడ పనికొస్తాయో ఆలోచించి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లోనూ, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి స్వర్ణం సాధించిన ఫైనల్లోనూ జర్నైల్ సింగ్ గోల్ కొట్టారు. ఆటగాడి స్థానం పేరును గాక ఆటగాడినే చూడడం అంటే అది. ఇంత గొప్ప శిక్షకుడి ఆలోచనా విధానం గురించి తెలుగులో చదవడానికి మా పిల్లలకు ఏమీ దొరకడం లేదన్నది నా అసలు బాధ.

మా పిల్లలు ఎక్కువగా ఎంచుకునే ఒడిశా ఎఫ్‌సీ క్లబ్ విషయం కూడా చెప్పాలి. ఆ క్లబ్ ఆడే ఇండియన్ సూపర్ లీగ్‌లో 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకు మించి ఉండకూడదన్న నిబంధన వచ్చింది. ఆ నలుగురినీ దాడిలోనే పెడితే వెనుక కూలిపోతుంది. సెంటర్‌బ్యాక్‌గా ఒకరిని, మిడ్‌ఫీల్డ్‌లో ఒకరిని, స్ట్రైకర్‌గా ఒకరిని పెట్టి, నాలుగో స్థానాన్ని మన ఆటగాళ్లలో ఎక్కడ కొరత ఉందో చూసి నింపడం మేలు. అంచుల్లో పరుగెత్తడానికి ఈ దేశంలో, ముఖ్యంగా మిజోరం నుంచి, మంచి వింగర్లు వస్తున్నారు. 2023లో బెంగళూరు ఎఫ్‌సీపై 2-1తో సూపర్ కప్ గెలిచిన ఫైనల్లో రెండు గోల్స్ స్ట్రైకర్ డియెగో మౌరిసియోవే. అలాంటివాడికి ఎవరు, ఏ పక్క నుంచి బంతి అందించాలన్నది తేల్చుకుంటే ఒడిశా ఎఫ్‌సీ వ్యూహంలో సగం పని పూర్తవుతుంది.

వ్యూహం పెట్టాక ఓపిక పట్టడం కూడా నేర్పవలసిందే. రెండు మ్యాచ్‌లు ఓడగానే అన్నీ మార్చేస్తే ఆటగాళ్లకు ఏదీ అలవాటు కాదు, ఆ అలవాటును కూడా ఈ ఆట లెక్కిస్తుంది. ఓటమి కన్నా, గోల్స్ ఏ వైపు నుంచి పడుతున్నాయి, మన షాట్లు ఎంత దూరం నుంచి వెళుతున్నాయి అన్నవి చూసి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి.

నేను శిక్షణ ఇచ్చే పాఠశాల జట్టుకూ ఇదే పాటిస్తున్నాను. ఈ ఏడాది మా దగ్గర పొడగరులు లేరు, ఎడమకాలితో చక్కగా ఆడేవారు ఇద్దరున్నారు. అందువల్ల కార్నర్లను గాలిలోకి లేపకుండా పొట్టి పాసులతో మొదలుపెట్టి, దాడిని ఎడమ వైపు నుంచి నడుపుతున్నాం.

మీరు అలాంటి శీర్షికను ప్రారంభిస్తే, గడచిన వారం జరిగిన ఒక మ్యాచ్‌ను తీసుకుని, శిక్షకుడు తన ఆటగాళ్లలో ఏం చూసి ఆ ఎత్తు వేశాడో బొమ్మతో సహా వివరించేలా రాయించండి. అచ్చయిన ప్రతి వారం దాన్ని కత్తిరించి మా పాఠశాల నోటీసుబోర్డుకు అంటించే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా