యాంజియోగ్రామ్‌కు చిక్కని నొప్పి

సంపాదకులకు,

గుండె రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రామ్ పరీక్ష బాగుంటే గుండె బాగున్నట్టేనన్న నమ్మకం మా పర్లాకిమిడిలోనూ పాతుకుపోయింది. మా వదిన మేడ మెట్లు ఎక్కుతూ గుండె మీద చెయ్యి అదిమిపట్టుకుని సగంలోనే కూర్చుండిపోయేది. బరంపురం తీసుకువెళ్లాం. ఒడియా అంతంతమాత్రంగా వచ్చిన ఆమె నొప్పిని ‘మంట’ అని చెప్పింది. పరీక్షలో నాళాలు శుభ్రంగా ఉన్నాయి కనుక గ్యాస్ అని పంపించేశారు. ఏడాదిపాటు వాము నీళ్లు తాగించాం!

ఆ పరీక్షలో కనిపించేవి గుండె పైభాగాన పాకే పెద్ద ధమనులు. అర మిల్లీమీటరు కంటే సన్నవి అందులో కనబడవు. కండరానికి ఎంత రక్తం అందాలో ప్రధానంగా నిర్ణయించేవి మాత్రం ఆ సన్ననాళాలే. విశ్రాంతిలోనే గుండె కండరం తనకు చేరిన ఆక్సిజన్‌లో సుమారు 70 శాతం లాగేసుకుంటుంది. ఇక లాగడానికి మిగిలేది తక్కువ కాబట్టి శ్రమపడితే రక్తప్రవాహమే మూడు నాలుగు రెట్లు పెరగాలి. సన్ననాళాలు బిగుసుకున్నా, పూడుకున్నా ఆ పెరుగుదల ఉండదు, నొప్పి మొదలవుతుంది. ఈ జబ్బు ఆడవారిలోనే ఎక్కువ.

అంత సన్నని నాళాల్లో, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేయలేరు. మందులు, బీపీ, షుగరు అదుపే దారి. రక్తప్రవాహాన్ని కొలిచే పరీక్షలూ ఉన్నాయి. స్టెంట్ల గురించి పేజీలు నింపే మీ ఆరోగ్య అనుబంధంలో వీటికీ కాస్త చోటివ్వండి.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా