తల్లుల్ని బోనెక్కించడం ఇకనైనా మానండి

సంపాదకులకు నమస్కారం.

కొన్ని వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన మానసిక సమస్యల వ్యాసం గురించి ఈ ఉత్తరం. అప్పుడే రాద్దామనుకున్నాను. మీరే సవరణ వేస్తారేమోనని ఆగాను. సవరణ సంగతి దేవుడెరుగు, "పాఠకుల విశేష స్పందన" అని దాన్ని మెచ్చుకునే ఉత్తరాలు వరసగా వేసుకున్నారు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఆటిజం (మాట, కలుపుగోలుతనంలో తేడా), ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురు లేకపోవడం), బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (ఉద్వేగాలూ సంబంధాలూ అదుపు తప్పే వ్యక్తిత్వ రుగ్మత), స్కిజోఫ్రీనియా (లేనివి వినబడటం, లేనిపోని భ్రమలు), "ద్వంద్వ వ్యక్తిత్వం"... అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. అన్నిటికీ కలిపి చెప్పిన కారణాలు రెండు: ఫోన్లు, ఉద్యోగాలకు వెళ్లే తల్లులు. చికిత్స ఒకటే: ప్రేమ. పక్కన ముఖం రెండుగా చీలిన మనిషి బొమ్మ. అది వీటిలో ఏ సమస్యకు వేశారో నాకైతే తెలియలేదు. వేసినవాళ్లకూ తెలిసి ఉండదు.

నేను చాలాకాలం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. డాక్టర్ని కాను. అయినా ఇంతమాత్రం తేడా తెలుసు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), మేధోపరమైన వైకల్యం లాంటివి మెదడు ఎదిగే క్రమంలోనే వచ్చే తేడాలు. పసితనంలోనే మొదలవుతాయి. ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే పన్నెండేళ్లలోపే లక్షణాలు కనబడాలి, అదీ ఇంట్లోనో బళ్లోనో ఒక్కచోట కాదు, కనీసం రెండుచోట్ల. వ్యక్తిత్వ రుగ్మతల తీరు వేరు. మనిషి తనను తాను ఎలా చూసుకుంటాడు, ఎదుటివాళ్లతో ఎలా మెలుగుతాడు అన్నదాంట్లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన ఇబ్బంది అది. కౌమారంలోనో, యవ్వనం మొదట్లోనో ఒక రూపానికి వస్తుంది. సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అనే మాటను పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అసలు వాడకూడదు. మీరేమో "ఐదేళ్ల పిల్లల్లో వ్యక్తిత్వ రుగ్మతను పసిగట్టండి" అని రంగుల బాక్సు కట్టారు. పాలపళ్లయినా ఊడని పిల్లకి వ్యక్తిత్వం చెడిందని తీర్పు! ఇక స్కిజోఫ్రీనియా ఈ రెంటిలోనూ చేరదు, దానికీ ద్వంద్వ వ్యక్తిత్వానికీ సంబంధం లేదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా పత్రికల వాళ్లకు ఎక్కదు.

అసలు కోపం తల్లుల విషయంలో. పిల్లల మానసిక వైద్యుడు లియో కాన్నర్ 1943లో ఆటిజం ఉన్న 11 మంది పిల్లల్ని వర్ణిస్తూ ఇది పుట్టుకతో వచ్చిందనే రాశారు. తర్వాత ఆయనే తల్లిదండ్రుల్లో ఆప్యాయత కరువని మాట్లాడారు. రచయిత బ్రూనో బెటల్‌హైమ్ 1967 నాటి పుస్తకంతో ఆ నిందను ఊరూవాడా తిప్పారు. అంతకు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అది తప్పని పుస్తకమే రాశారు. ఆయన సైకాలజిస్టు, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి కూడా. 1977లో సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ అనే మానసిక వైద్యులు, కనీసం ఒకరికైనా ఆటిజం ఉన్న 21 జతల కవలల్ని పరిశీలించారు. ఒకే పోలికలున్న (జన్యువులూ ఒకటే అయిన) 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు పోలికల పది జతల్లో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. పెంపకమే కారణమైతే ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? అప్పట్నుంచీ వచ్చిన పరిశోధనలో చాలావరకు జన్యువుల పాత్రే పెద్దదని చెబుతోంది. మీ వ్యాసకర్త మాత్రం ఇంకా 1967లోనే కూర్చున్నారు. పైగా టీకాల వల్ల ఆటిజం వస్తుందని "కొందరి అనుమానం" అంటూ ఒక పుల్ల వేశారు. ఆ అనుమానం పుట్టించిన 1998 నాటి పత్రంలో ఉన్నది 12 మంది పిల్లలు. దాన్ని వేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది, రాసిన బ్రిటన్ డాక్టరు వేక్‌ఫీల్డ్ పేరును అదే ఏడు డాక్టర్ల జాబితా నుంచి కొట్టేశారు. ఇది రాయడానికి మీకు జాగా దొరకలేదు కాబోలు.

జన్యువులు కాక, మెదడు ఎదుగుదలలో ఇలాంటి తేడాల ముప్పు పెంచేవి ఇంకా ఉన్నాయి. నెలలు బాగా తక్కువగా పుట్టడం, గర్భిణిగా ఉండగా మద్యం, పసివయసులో ఒంట్లో సీసం చేరడం. మూర్ఛకు వాడే సోడియం వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీయవచ్చు. ఆ మందు వాడుతున్న స్త్రీలు బిడ్డను కనాలనుకున్నప్పుడు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి, తమంతట తాము మాత్రం ఆపేయకూడదు. ఒక కుటుంబానికి నిజంగా పనికొచ్చే ముక్క ఇది. మీ వ్యాసంలో లేదు.

వ్యక్తిత్వ రుగ్మతల్లోనూ జన్యువులకు వాటా ఉంది. చిన్నప్పటి హింస, నిర్లక్ష్యం చాలామంది కథల్లో కనిపిస్తాయి, నిజమే. కానీ బోర్డర్‌లైన్ ఉన్న ప్రతివాళ్లూ హింస పడ్డవాళ్లు కారు, హింస పడ్డ ప్రతి బిడ్డకూ అది రాదు. ఇంట్లో ఏం జరిగిందో ఆరా తీయకుండానే తల్లిని బోనెక్కించే హక్కు పత్రికకు ఎవరిచ్చారు? మీ వ్యాసం వచ్చిన వారంలోనే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. చేతిలో మీ పేజీ కత్తిరింపు, "ఉద్యోగాలకు వెళ్లే తల్లులు" అన్న చోట నీలం ఇంకుతో రెండు గీతలు. గీసింది అత్తగారట. ఆ పిల్ల ఏడవలేదు, "ఉద్యోగం మానేస్తే మావాడికి మాటలు వస్తాయా మేడం?" అని అడిగింది. సమాధానం మీరే చెప్పండి.

చికిత్స దగ్గరికొస్తే, బోర్డర్‌లైన్ ఉన్నవాళ్లని "మారని మనుషులు" అన్నారు. అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహాన్ రూపొందించిన డైలెక్టికల్ బిహేవియర్ థెరపీ పనిచేస్తుందని 1991లోనే పరీక్షించి చూపారు. తనకు హాని చేసుకోకుండా బాధను ఓర్చుకోవడం, ఉద్వేగాన్ని అదుపులో పెట్టుకోవడం, మనుషులతో నెగ్గుకురావడం అందులో నేర్పుతారు. కౌమారంలో తానూ ఒళ్లు కోసుకుని, కాల్చుకుని ఆసుపత్రి పాలైనదాన్నేనని ఆవిడే 2011లో లోకానికి చెప్పారు. పదేళ్లు, అంతకు మించి వెంబడించి చూసిన అధ్యయనాల్లో ఎక్కువమందికి లక్షణాలు బాగా తగ్గాయి. ఉద్యోగం, స్నేహాలు కుదుటపడటానికి ఇంకా టైం పడుతుంది, అది వేరే సంగతి. ఈ రుగ్మతకంటూ ప్రత్యేకంగా మందు లేదు, తోడున్న డిప్రెషన్ లాంటివాటికి ఇస్తారు. ఏడీహెచ్‌డీకి మాత్రం మందులున్నాయి. వాటిని "మత్తుమాత్రలు" అన్నారు మీరు. మిథైల్‌ఫెనిడేట్ మత్తు కోసం ఇచ్చేది కాదు, దృష్టి నిలిచేందుకు ఇచ్చేది. ఆకలి, నిద్ర, బరువు, బీపీ చూసుకుంటూ డాక్టరు పర్యవేక్షణలో వాడాలి. నా పాత విద్యార్థి ఒకడికి నలభై దాటాక ఈ సమస్య తేలింది. చిన్నప్పటి బడి ప్రోగ్రెస్ కార్డులు తెచ్చి చూపించాడు. ఏటేటా ఎర్ర ఇంకులో అదే వాక్యం: తెలివి ఉంది, శ్రద్ధ లేదు.

ఆటిజాన్ని తీసేసే మందు లేదు. ఉన్నవి స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, మాటలు రాని పిల్లలకు బొమ్మల కార్డులు, వీటితోపాటు చుట్టూ ఉన్నవాళ్లు కాస్త సర్దుకోవడం. నా తరగతిలో ఒకడు గంట కొట్టకముందే గడియారం చూసి చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు. వాణ్ని గంటకు దూరంగా ఉన్న గదికి మార్చి, కొట్టేముందు వేలెత్తి చూపడం అలవాటు చేశాం. బల్ల కిందికి వెళ్లడం మానేశాడు. దీనికి ఖర్చేమీ కాలేదు.

కానీ మీ వ్యాసం కిందనే ప్రకటన, "ఆటిజం గ్యారంటీగా నయం" అని! ఒంట్లోని లోహాలు తీసేస్తారట, మూలకణాలు ఎక్కిస్తారట. లోహాలు తీసే ఆ వైద్యంలో 2005లో అమెరికాలో ఐదేళ్ల బాబు చనిపోయాడు. పైన ప్రేమతో నయం చేయండి, కింద డబ్బులు కట్టి నయం చేయించుకోండి. మీ పేజీ లెక్క మీకు కుదిరింది.

అధికారుల సంగతి ఇంకో భారతం. జీవితాంతం ఉండే సమస్యకు సర్టిఫికెట్టు గడువు పెట్టి, పిల్లవాణ్ని మళ్లీ తెచ్చి చూపించమంటారు. ఈలోగా తగ్గిపోయి ఉంటుందని ఆశ కాబోలు. ఎదురుచూడటం చేతకాని పిల్లల్ని గంటల తరబడి కూర్చోబెట్టి, తీరా లోపలికి వెళ్లాక "చూడ్డానికి బాగానే ఉన్నాడే" అంటారు. బళ్ల గోడల మీద అందరికీ చదువు అని రాస్తారు, అడ్మిషన్ అడిగితే "మా దగ్గర సదుపాయాలు లేవండీ". వీటి మీద మీరొక్క వార్త రాయరు. హత్య జరిగితే మాత్రం మొదటి పేజీలో "సైకో" అని అచ్చేస్తారు, డాక్టరు ఎవరూ చూడకముందే. ఒకప్పుడు వైద్యం పేజీని డాక్టరొకరు చదివాకే అచ్చుకి పంపేవాళ్లని విన్నాను. ఇప్పుడు ప్రకటనల విభాగం చదువుతున్నట్టుంది.

సవరణ వేయండి. లోపలి పేజీల్లో చీమతలకాయంత అక్షరాల్లో కాదు, ఆ వ్యాసం వచ్చిన చోటే, అంతే జాగాలో. ఆ ప్రకటన ఆపండి. ఉత్తరం పొడుగైందని కత్తిరించాల్సి వస్తే నా ఎత్తిపొడుపులు తీసేయండి, అభ్యంతరం లేదు. వాల్‌ప్రోయేట్ గురించి రాసింది మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు