ఊరి ఆబోతు మళ్లీ రావాలి

సంపాదకులకు,

సంక్రాంతికి బండలాగుడు పోటీల ఫొటోలు పత్రికల్లో ఏటా చూస్తున్నాం. ఒంగోలు గిత్తలు కాడి కింద మెడ వంచి బండను కదిలిస్తుంటే మాకూ గర్వమే. కానీ ఆ గిత్తల్ని కనే ఆవుల సంగతి అడిగేవాళ్లే లేరు.

పోయిన ఏడాది మా ఒంగోలు ఆవు ఎదకొచ్చింది. పశువుల ఆసుపత్రికి తోలుకెళ్తే, "ఒంగోలు సెమన్ (సూదితో చూలు కట్టించే వీర్యం) లేదు, జెర్సీ అయితే వేస్తాం" అన్నారు. ఎద దాటిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆగాం. రెండోసారీ అదే మాట. మూడోసారి జెర్సీయే వేయించాం. దూడ ముచ్చటగానే ఉంది, మూపురం మాత్రం అంతంతే.

మా తాతల కాలంలో ఈ తిప్పలు లేవు. ఇంట్లో పెద్దలు పోయినప్పుడు మంచి కోడెదూడను ఎంచి, అచ్చు వేసి, దేవుడి పేర ఊరికి వదిలేవాళ్లు. ఎవరి చేలో మేసినా కర్రెత్తేవాళ్లు కాదు. 'అచ్చోసిన ఆబోతు' అని ఇప్పుడు తిడుతున్నాం గానీ, గుండ్లకమ్మ చుట్టుపక్కల ఈ జాతిని నిలబెట్టింది ఆ ఆబోతే. దాని సంతానమే రేగడి దున్నింది, మోట లాగింది, పొగాకు బళ్లు మోసింది. మా నాన్న అరక కట్టేముందు ఎడ్ల మెడలు తడిమి చూసేవాడు. కాడి ఒరిసి తోలు కందితే ఆముదం రాసి, ఆ పూట దుక్కి మానేసేవాడు.

ట్రాక్టర్లు మానేయమని నేననడం లేదు. జాతి పోకూడదంటున్నాను. 19వ శతాబ్దంలో ఇక్కడి నుంచి ఓడలెక్కిన పశువులే బ్రెజిల్‌లో 'నెలోర్' జాతి అయ్యాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే ఆ పేరు. అక్కడ మాంసం కోసం పెంచుతారు, అది వేరే సంగతి. వంశావళి రాసుకుంటూ ఎంత జాగ్రత్తగా సాకారంటే, వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 2023 వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది.

మన లాం, చదలవాడ ప్రభుత్వ పశువుల ఫారాల్లో ఒంగోలు మందలున్నాయి. అక్కడి మేలైన కోడెల్ని నాలుగైదు ఊళ్లకొకటి చొప్పున పంచాయతీల పేర ఇవ్వాలి. మేత ఖర్చిస్తే సాకడానికి నేను ముందుంటాను. ఆసుపత్రుల్లో ఒంగోలు సెమన్ ఎప్పుడూ ఉండాలి. పోటీల్లో గెలిచిన గిత్తతో పాటు దాని తల్లిని సాకిన రైతుకూ బహుమతి ఇవ్వాలి.

మా ఆవు ఈని మూడు నెలలైంది. రేపో మాపో మళ్లీ ఎదకొస్తుంది. ఈసారి ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో పంపొద్దని అధికారుల్ని వేడుకుంటున్నాను.

– ఒక రైతు, ప్రకాశం జిల్లా