చెవులు మూసుకోకపోతే బాధ లేనట్టేనా?

సంపాదకుల వారికి,

ఆటిజం ఉన్న పెద్దలకు వైకల్య ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు శబ్దం, వెలుగు లాంటివి పెట్టే ఇంద్రియాల ఇబ్బంది గురించి ఏం అడుగుతున్నామో, ఏం వదిలేస్తున్నామో ఒకసారి లెక్క వేసి చూడాలి. ఇందుకు దేశంలో వాడే కొలమానం మన సికింద్రాబాద్‌లోనే పుట్టింది. మనోవికాస్ నగర్‌లో ఇప్పుడు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. పేరుతో ఉన్న, మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ తయారుచేయగా 2009లో విడుదలైన ఐ.ఎస్.ఏ.ఏ. (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అది. మొత్తం 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. 70 వస్తే ఆటిజం ఉన్నట్టు, 40 శాతం వైకల్యం కింద లెక్క. ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కు చట్టం గీసిన గీత కూడా ఆ 40 శాతమే.

ఆ 40 అంశాల్లో ఇంద్రియాలకు సంబంధించినవి ఆరు. శబ్దం, వెలుగు, స్పర్శ లాంటివాటికి అతిగా స్పందించడం, శూన్యంలోకి చాలాసేపు చూస్తూ ఉండిపోవడం, కదిలే వస్తువు వెంట చూపు నిలపలేకపోవడం, చూసే తీరే వింతగా ఉండడం, నొప్పి తెలియకపోవడం, వస్తువుల్నీ మనుషుల్నీ వాసన చూడడం, తడమడం, నాకడం. మళ్లీ ఒకసారి చదవండి. అతి స్పందనకు, అంటే పెద్దవాళ్లు నోరు విప్పి చెప్పుకునే బాధకు, దక్కింది ఒక్క ప్రశ్న. చెవి, కన్ను, ముక్కు, చర్మం అన్నింటికీ కలిపి అదే. మించితే అయిదు మార్కులు. మిగతా వాటిలో ఎక్కువ భాగం ఎదురుగా కూర్చున్నవాళ్ల కంటికి కనిపించే పనులు.

దీని పక్కన స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒక ప్రశ్నావళిని పెట్టి చూద్దాం. గ్లాస్గో విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్తలు యాష్లీ రాబర్ట్‌సన్, డేవిడ్ సిమన్స్ 2013లో ప్రచురించినది. 42 ప్రశ్నలు. చూపు, వినికిడి, రుచి, వాసన, స్పర్శలతో పాటు ఒంటి తూకం, కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో తెలిసే జ్ఞానం కలిపి ఏడు ఇంద్రియాలు. ఒక్కోదానికి అతి స్పందన మీద మూడు, మంద స్పందన (తగలాల్సినంత తగలకపోవడం) మీద మూడు. అంటే అతి స్పందన మీదే 21 ప్రశ్నలు. జవాబు చెప్పేది ఆ మనిషే, పక్కవాళ్లు కాదు. ఈ పరిశోధనలో అసలు గమనించాల్సింది ఇంకొకటి ఉంది: అతి స్పందన ఎక్కువగా ఉన్నవాళ్లలో మంద స్పందన కూడా ఎక్కువగానే కనిపించింది. బనీను వెనక లేబుల్ గుచ్చుకుంటే నిలవలేని మనిషికే, చెయ్యి కాలినా వెంటనే తెలియకపోవచ్చు. ఈ రెండింటినీ ఒకే గీతకు రెండు కొసలుగా పెట్టి సగటు తీస్తే ఏమీ లేనట్టే కనబడుతుంది.

ఐ.ఎస్.ఏ.ఏ.ని పక్కన పారేయమని అనడం లేదు. ఇంద్రియాల ఆరు అంశాలకూ అయిదేసి వేసి, మిగతా 34కి కనీస మార్కు ఒక్కొక్కటి వేస్తే 64 దగ్గర ఆగిపోతుంది, 70 అందదు. అందులో తప్పు లేదు. ఇంద్రియాల ఇబ్బంది ఒక్కటే ఆటిజం కాదు. అమెరికా మనోవైద్యుల రోగ నిర్ధారణ గ్రంథం డీ.ఎస్.ఎం.-5 కూడా 2013లో దీన్ని లక్షణాల జాబితాలో చేర్చింది గానీ, ప్రవర్తనకు చెందిన నాలుగింటిలో ఒకటిగానే చేర్చింది. పేచీ మార్కుల మొత్తంతో కాదు, అడిగే తీరుతో. ముప్ఫయ్యేళ్ల మనిషి ధ్రువపత్రం ఇచ్చే వైద్య బోర్డు ముందు చెవులు మూసుకోడు. చిన్నప్పటినుంచీ అలా చేసినప్పుడల్లా తిట్లు తిని, పళ్లు బిగించి కూర్చోవడం నేర్చుకుని ఉంటాడు. లోపలి అవస్థను ఇలా కప్పిపుచ్చుకునే అలవాటును కొలవడానికే లండన్‌లో లారా హల్, విలియం మాండీ బృందం 2019లో 25 ప్రశ్నల కొలమానం తయారుచేసింది. కంటికి కనిపించినదానికే మార్కు వేసే పద్ధతిలో ఈ మనిషికి పడేది ఒకటో రెండో.

పైగా పరీక్ష జరిగే చోటే పరీక్షను పాడుచేస్తుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో అన్నా రెమింగ్టన్, జేక్ ఫెయిర్నీ 2017లో చేసిన ప్రయోగాల్లో, ఒక పని మీద ధ్యాస పెట్టి వింటుండగా మధ్యలో వచ్చిన అనుకోని శబ్దాన్ని ఆటిజం ఉన్న పెద్దలే ఎక్కువగా పట్టుకున్నారు. వినికిడిలో లోపం ఉండి కాదు, ఒకేసారి ఎక్కువ లోపలికి తీసుకోవడం వల్ల. ఇప్పుడు మన ఆసుపత్రి గది ఊహించండి. డాక్టరు ప్రశ్న అడుగుతుండగా బయట మైకులో టోకెన్ నంబరు, స్టూలు ఈడ్చిన చప్పుడు, ఎవరిదో ఫోన్ రింగు. అన్నీ ఒకే బరువుతో వచ్చి పడతాయి. జవాబు ఆలస్యమవుతుంది. కాగితం మీద పడేది మాత్రం 'ప్రశ్న అర్థం కాలేదు' అని.

లైట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాగుచేయడం అతి తేలికైనది అదే. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, పాత రాగి చోక్, స్టార్టరు ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. చాలామందికి అది తెలియదు. కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది. చోక్ గుయ్‌మనే రొద అదనం. ఎలక్ట్రానిక్ చోక్ అయితే మినుకు సెకనుకు 20 వేల పైకి పోతుంది, ఇక బాధ ఉండదు. ఎల్ఈడీ వేశాం కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు, నాసిరకం డ్రైవరు (లైటుకు కరెంటు సర్ది ఇచ్చే భాగం) ఉన్నవి కూడా అదే 100 సార్లు మినుకుతాయి. సెల్‌ఫోన్‌లో స్లోమోషన్ వీడియో పెట్టి లైటు వైపు తిప్పితే వెలుగు కొట్టుకోవడం కనిపిస్తుంది. కనిపిస్తే మార్చాలి. మార్చేదాకా ఆ లైటు ఆపి, పగటి వెలుగులో, కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడితే సరిపోతుంది.

మిగతావి ఇంకా చిన్న పనులు. ఫినాయిలు ముందురోజు సాయంత్రమే వేయించాలి, ఉదయం పరీక్షకు ముందు కాదు. మొదటి టోకెన్ ఇవ్వాలి, లేదా ఫోన్ చేసి పిలిచేదాకా బయట చెట్టుకింద ఉండనివ్వాలి. లోపల ఎవరుంటారు, ఏం అడుగుతారు, ఎంతసేపు పడుతుంది అన్నది ముందే కాగితం మీద ఇవ్వాలి. బీపీ పట్టీ చుట్టేముందు చెప్పి చుట్టాలి. హెడ్‌ఫోన్లు తీయించకూడదు. అవి పెట్టుకొచ్చినందుకు 'శబ్దంతో ఇబ్బంది లేదు' అని రాయడం ఇంకా అన్యాయం. కళ్లద్దాలతో వచ్చినవాళ్లకు చూపు దివ్యంగా ఉందని రాసి పంపుతున్నామా? బ్రిటన్‌లో బహిరంగ ప్రదేశాల మీద కెరెన్ మెక్‌లెనన్ బృందం ఆటిజం ఉన్న పెద్దల్నే అడిగి చేసిన అధ్యయనంలో, ఇబ్బంది పెట్టే చోట్లలో ఆసుపత్రులూ ఉన్నాయి. వెలుగు, చప్పుళ్లతో పాటు చోటు ఇరుకు, ముందుగా తెలియకపోవడం, సిబ్బందికి అర్థం కాకపోవడం, కాసేపు తేరుకోవడానికి మూల లేకపోవడం కూడా వాళ్లు చెప్పారు. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, వికలాంగులకు అందుబాటు సౌకర్యాలపై తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. ఆ తీర్పుకు ఊతమైన నివేదిక హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానిది. అయినా సౌకర్యం అనగానే ర్యాంపు, లిఫ్టు దగ్గరే మన ఆలోచన ఆగుతోంది.

ఇక ప్రశ్నావళి. గ్లాస్గో ప్రశ్నలు జపనీస్, ఫ్రెంచి, డచ్చి భాషల్లోకి వెళ్లాయి. తెలుగులోకి తేవాలంటే మాటకు మాట పెడితే చాలదు. ముందు జవాబుల దగ్గరే చిక్కు: 'ఎప్పుడూ' అంటే మనకు ఎల్లప్పుడూ అనీ అవుతుంది, 'లేదు' చేరితే ఎన్నడూ లేదనీ అవుతుంది. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామంది మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు కనుక అక్కడే తడబడతారు. 'అసలు లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచూ, ప్రతిసారీ' అంటే గొడవ ఉండదు. 'శబ్దాలు మిమ్మల్ని బాధిస్తాయా?' అన్నదీ పనికిరాదు. ఏ శబ్దం, ఎంతసేపు, బాధంటే ఏమిటి అని ఎదురు ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే. 'మిక్సీ తిరుగుతుంటే వంటింట్లోంచి బయటికి వచ్చేస్తారా?', 'తాలింపు ఘాటుకు అన్నం మానేసిన రోజులున్నాయా?', 'పెళ్లి బ్యాండు దగ్గర ఎన్ని నిమిషాలు నిలబడగలరు?' అని అడగాలి. స్వయంగా చెప్పినదంతా నిజమని కళ్లు మూసుకుని నమ్మమనడం లేదు. కొలిచినంత మాత్రాన అంతా నిజమూ కాదు: ఆటిజం ఉన్నవాళ్లది డేగ చూపు అని 2009లో ఒక పరిశోధన వస్తే, ఆ కొలిచిన ఏర్పాటులోనే లోపం ఉందని మైకేల్ బాక్, స్టీవెన్ డేకిన్ చూపించారు. అందుకే రెండూ కావాలి, పరిశీలకుల మార్కూ, మనిషి మాటా.

రెండు రాష్ట్రాల వికలాంగుల సంక్షేమ శాఖలు చేయవలసింది ఇది. పద్దెనిమిదేళ్లు దాటినవారికి ఐ.ఎస్.ఏ.ఏ.తో పాటు తెలుగులో స్వయంగా నింపే ప్రశ్నావళి జోడించాలి. దానికి మార్కులు అక్కర్లేదు, ఐ.ఎస్.ఏ.ఏ.లో అతి స్పందన గురించిన 31వ అంశానికి మార్కు వేసేముందు బోర్డు దాన్ని చదవడం తప్పనిసరి చేస్తే చాలు. ధ్రువపత్రంలో శాతంతో పాటు ఏ ఇంద్రియానికి ఏ సర్దుబాటు కావాలో నాలుగు వాక్యాలు రాయాలి, 60 శాతం అన్న అంకె చూసి ఏ యజమానీ లైటు మార్చడు. తెలుగు ప్రశ్నల్ని ఇక్కడివాళ్ల మీద పరీక్షించి సరిచూసే పని ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి.తో కలిసి ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల సైకాలజీ శాఖలు చేయగలవు. దానికి సమయం పడుతుంది. చోక్ మార్చడానికి ఎలక్ట్రీషియన్‌కు అరగంట చాలు.

ఇట్లు,
ఒక సైకాలజీ అధ్యాపకురాలు,
హైదరాబాద్