మీ మాస్టారు రాసిన 'నైస్'

మాంబళం, చెన్నై.

చిరంజీవి అమ్మాయిని ఆశీర్వదించి అమ్మ వ్రాయునది.

మేమందరం ఇక్కడ క్షేమం. నిన్న ఫోనులో నీవు చెప్పిన సంగతి ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. దొంగతనానికీ నమ్మకద్రోహానికీ గల తేడా మీద నీవు రాసిన వ్యాసం పక్కన మీ మాస్టారు 'ఎ నైస్ డిస్టింక్షన్' అని రాస్తే, అది మొక్కుబడి మెచ్చుకోలు మాత్రమేనని నీవు పట్టించుకోలేదన్నావు. అక్కడే పొరబడ్డావు తల్లీ.

డిస్టింక్షన్ అంటే తేడా. ఆ చోట నైస్ అంటే 'బాగుంది' అని కాదు; పట్టి చూస్తే తప్ప కంటికి ఆనంత సన్ననిది అని. ఇతరుల సొత్తును వారి సమ్మతి లేకుండా దురుద్దేశంతో తీసుకుంటే దొంగతనమనీ, వారే నమ్మి అప్పగించినదాన్ని దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే నమ్మకద్రోహమనీ, సొత్తు చేతికి వచ్చిన తీరులోనే ఆ రెంటి మధ్య గీత ఉందనీ నీవు రాశావు కదా, ఆయన గుర్తించినది ఆ గీతనే.

ఈ అర్థం నీకు కొత్తదేమీ కాదు. మన వీధి చివరి పిండిమిల్లులో 'నైసా అరైక్కణుమా?' అని, అంటే నైసుగా పట్టాలా అని, తమిళంలో అడగడం చిన్నప్పటి నుంచీ విన్నావు. జంతికల పిండి నైసుగా పట్టించాలి, పెసరట్టుకు మాత్రం అంత నైసు పనికిరాదు. గ్రైండరులో తిరుగుతున్న మినప్పిండిని చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, ఎక్కడా పలుకు తగలకపోతేనే 'ఇప్పుడు నైసయింది' అనేది మీ అమ్మమ్మ. ఇంగ్లీషు ముక్క రాని ఆమె నోటి మాటకూ మీ మాస్టారి కలం మాటకూ ఉన్న దగ్గరితనం చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. అందులో ఉన్న 'తెలియడం' అనే ధాతువు నుంచే సైన్స్ కూడా పుట్టింది. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ అనే అర్థం; 16వ శతాబ్దానికి ఖచ్చితం, సూక్ష్మం అనే అర్థాలు చేరాయి; ఇప్పటి మంచి అర్థం 18వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. మన ఛాందసుడు దీనికి ఎదురుదారిన నడిచాడు. ఛందస్సు అంటే వేదం, దాన్ని చదివిన పండితుడు కాస్తా లోకం తెలియని మనిషిగా మిగిలాడు. ఆ మాట ఎవరైనా వెటకారంగా అంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

నైస్‌నెస్ అంటే మంచితనం, నైసిటీ అంటే సూక్ష్మత. రెండు అర్థాలూ ఇలా రెండు మాటల్లో వేరుగా నిలిచాయి. న్యాయశాస్త్రంలో పాయింట్, క్వశ్చన్, డిస్టింక్షన్ అనే మాటల ముందు నైస్ కనబడితే మొదట సూక్ష్మమనే అర్థాన్నే సరిచూడు. 'నైస్ అండ్ వార్మ్' అన్నప్పుడు అది వెచ్చదనానికి బలం చేకూరుస్తుంది, 'నైస్ మెస్' అన్నప్పుడు మనం కోపంగా 'భలే పని చేశావు' అన్నట్టే ఉంటుంది. నీవు మాత్రం 'నైస్ ఆర్గ్యుమెంట్' అని రాయకు, చదివేవారు రెండు విధాలా తీసుకోవచ్చు. నీ ఉద్దేశాన్ని బట్టి, వాదం సూక్ష్మమైనదైతే సటిల్ అనో, గట్టిదైతే సౌండ్ అనో రాయి.

ఆ వ్యాసాన్ని పారేయకుండా, పండుగకు వచ్చేటప్పుడు తీసుకురా. మాస్టారు రాసిన ఆ మాటను, దానికి ఎదురుగా ఉన్న నీ వాక్యాన్ని నా కళ్ళతో చదువుకోవాలని ఉంది.

ఇట్లు,
అమ్మ