మా పాప పుట్టిన రోజు ఆదుకున్న బాబాయ్ గారికి

అందరికీ నమస్కారం. పాప, వాళ్ళమ్మ ఇద్దరూ క్షేమం. నిన్న సాయంత్రమే ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాను. రెండు వారాలుగా కంటి మీద కునుకు లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. ఇప్పుడు రాయకపోతే మళ్ళీ రాయలేనేమో అని కూర్చున్నాను.

మారిషస్‌లో ఈ 2024 మాకు మొదటి నుంచీ పరీక్షే. జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి రోజు, బెలాల్ తుఫాను వచ్చింది. పొద్దున ఆఫీసుకి వెళ్ళినవాళ్ళం మధ్యాహ్నానికి రాజధాని పోర్ట్ లూయీ రోడ్ల మీద నడుం లోతు నీళ్ళలో ఉన్నాం. పార్కింగ్‌లో పెట్టిన మా కారు కొట్టుకుపోయి ఒక గోడకి ఆనుకుని దొరికింది. దాని ఇన్సూరెన్స్ డబ్బులు ఈ రోజుకీ రాలేదు. పది నెలలైంది! అడిగిన ప్రతిసారీ ఇంకో కాగితం కావాలంటారు.

ఆ తర్వాత నెలకి మా ఆవిడ నెల తప్పిందని తెలిసింది. ఏప్రిల్ 9న ఉగాది. ఇక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. ఈ ఏడాది మేం హాయిగా గడిపిన రోజంటే అదొక్కటే.

దీపావళి రాత్రి నొప్పులు మొదలయ్యాయి. నవంబర్ 1 తెల్లవారుజామున పాప పుట్టింది. ఒక గంట సంతోషం. తర్వాత తల్లికి రక్తస్రావం ఆగలేదు. తనది ఓ నెగెటివ్ గ్రూపు రక్తం. ఉన్న రక్తం ఎక్కించేశారు, ఇంకా అవసరం పడొచ్చు, ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే పిలిపించుకోండి అన్నారు. ఇక్కడున్న మనవాళ్ళ ఫేస్‌బుక్ గ్రూపులో వెంటనే పెట్టాను. ఇద్దరు ముగ్గురు అడిగిస్తామని జవాబిచ్చారు కూడా. కాసేపటికి చూస్తే ఫేస్‌బుక్ తెరుచుకోవడం లేదు. నా ఫోనే పాడైందనుకుని రెండుసార్లు ఆపి ఆన్ చేశాను.

తర్వాత తెలిసింది, నవంబర్ 11 దాకా సోషల్ మీడియా అంతా ఆపేయమని ఆదేశం వచ్చిందట. ఎన్నికలు పదో తేదీన. అంతకుముందు కొన్ని వారాలుగా పెద్దవాళ్ళ ఫోన్ మాటల రికార్డింగులు బయటికొస్తున్నాయి, అందుకని దేశ భద్రత అన్నారు. దేశ భద్రత అంటే నాకూ గౌరవమే. కానీ లోపల ఒక బాలింత ప్రాణం రక్తం కోసం చూస్తోంది. ఇలాంటివాళ్ళ సంగతేమిటని ఆదేశం ఇచ్చేముందు ఒక్కరైనా ఆలోచించారా? నా దగ్గరున్నవి ఆఫీసువాళ్ళ నంబర్లు ఒక పదిహేను. అందరికీ చేశాను. ఓ నెగెటివ్ ఒక్కరూ లేరు.

ఆసుపత్రి గేటు దగ్గర ధోల్ పురీ (పప్పు పెట్టి చేసే ఇక్కడి రొట్టె) బండి పక్కన నిలబడిపోయాను. కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పుడే ఒకాయన దగ్గరికి వచ్చారు. యాభై అయిదేళ్ళుంటాయి, బస్సు డ్రైవర్ యూనిఫాం. ఇక్కడివాళ్ళు మాట్లాడే క్రియోల్ భాషలో ఏమైందని అడిగారు. నాకొచ్చిన నాలుగు ముక్కల ఫ్రెంచిలో చెప్పాను. ఏ ఊరని అడిగితే కాకినాడ దగ్గర కోరంగి అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన ముత్తాతలు ఓడెక్కింది ఆ కోరంగి రేవులోనేనట. గుండె మీద చెయ్యేసుకుని "మో తెలుగు", అంటే నేను తెలుగువాణ్ణి, అన్నారు.

తెలుగు ఆయనకి రాదు. కానీ ఊళ్ళో రామభజనం మేళానికి ఆయనే పెద్ద. "పా ట్రాకా", అంటే కంగారు పడకు, అని చెప్పి జేబులోంచి పాత బటన్ ఫోన్ తీశారు. మేళంలో ఉన్నవాళ్ళకి, బస్సు డిపోలో ఉన్నవాళ్ళకి వరసపెట్టి ఫోన్లు. గంటన్నరలో ఇద్దరు ఓ నెగెటివ్‌వాళ్ళు వచ్చారు. ఒకాయన పండగ కొత్త చొక్కాలోనే ఉన్నారు. రెండో ఆయన డిపోలో మెకానిక్, వాళ్ళమ్మ చాగోస్ దీవుల మనిషి, బ్రిటన్ వాళ్ళు ఆ దీవులు ఖాళీ చేయించి పంపేసినవాళ్ళలో ఒకరు. ఆ దీవుల్ని మారిషస్‌కి అప్పగిస్తామని అక్టోబర్ 3న బ్రిటన్ ఒప్పుకుంది కదా, ఆ మాట వినకుండానే ఆవిడ పోయిందని చెప్పి, చొక్కా చెయ్యి మడుచుకుని లోపలికి వెళ్ళారు.

ఆ డ్రైవర్ గారినే నేను బాబాయ్ గారూ అంటున్నది. ఆయన రక్తం గ్రూపు వేరు. అయినా ఇంటికి వెళ్ళలేదు. చీకటి పడేదాకా నా పక్కనే బెంచీ మీద కూర్చున్నారు, రెండు ధోల్ పురీలు బలవంతాన తినిపించారు. తర్వాత జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. మడతల దగ్గర చిరిగి టేపు వేసి ఉంది. తెలుగు భజన పాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో. గొంతు తగ్గించి ఒకటి పాడారు. తర్వాత ఒక మాట మీద వేలు పెట్టి, నలభై ఏళ్ళుగా పాడుతున్నాను, దీని అర్థం ఏంటి అని అడిగారు. ఆ మాట "కరుణ". పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా అప్పుడు తెగిపోయింది. ఆయన భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

రాత్రి తొమ్మిదికి డాక్టర్ గారు బయటికొచ్చి గండం గడిచిందన్నారు. మర్నాడు సోషల్ మీడియా మీద ఆదేశం కూడా ఎత్తేశారు. పదో తేదీ ఎన్నికల్లో ప్రతిపక్ష కూటమి 60 సీట్లు గెలిచి, నవీన్ రాంగులాం గారు మళ్ళీ ప్రధాని అయ్యారు. వీధుల్లో హారన్లు మోగుతుంటే మేం వార్డులోంచి విన్నాం. కొత్తవాళ్ళైనా ఇలాంటి ఆదేశాలు మళ్ళీ ఇవ్వకూడదని చేతులెత్తి వేడుకుంటున్నాను.

మా అమ్మ, అత్తయ్య గారు మొదట దొరికిన విమానానికి వచ్చేశారు. వాళ్ళకి వేరే చెప్పాలా.

రాత్రి డ్యూటీ నర్సమ్మ గారిని మర్చిపోయాను! పాపని తన ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టింది ఆవిడే. పెద్దాడిని నాలుగు రోజులు తన ఇంట్లో ఉంచుకున్న కింద ఫ్లాట్ ఆంటీకి, డబ్బులు తీసుకోని ధోల్ పురీ అన్నకి, ఆఫీసులో నా పని చేసిపెట్టిన ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకెవరైనా మిగిలిపోతే కోప్పడకండి.

బాబాయ్ గారూ, ఇది మీరు చదవలేరు, మీ అమ్మాయి వచ్చాక నేనే కూర్చుని చెప్తాను. 21వ తేదీ బారసాల. మేళాన్నంతా తీసుకురండి, ఆ కాగితం కూడా. రెండో పాటలో ఒక మాట తప్పు పడింది, కొత్త కాగితం మీద రాసి ఉంచాను.