ఆర్డర్ అప్పుడు ఎత్తిన ఫోన్ ఇప్పుడు ఎందుకు ఎత్తరు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే సార్. అనంతపురంలో ఒక ట్రస్టు బడిలో ఆఫీసు పనులు చూసుకుంటాండా. మీ దగ్గర కొన్న పిల్లల లాకర్ల బీగాలు సరిగా లేవని మీ టోల్ ఫ్రీకి ఫోన్లు చేసి, మెయిల్స్ పెట్టి, వాట్సాప్‌లో మెసేజ్ చదివినట్టు నీలం టిక్కులు పడినా జవాబు రాక ఇంగ విసిగిపోయి ఈ లెటర్ రాస్తాండా. దయచేసి చివరి వరకు చదవండి.

మా స్టాఫ్ రూంలో బీరువాలు మీవే, లైబ్రరీలో ర్యాకులు మీవే. పోయిన హెడ్ మేడమ్ గారి కాలం నుంచి ఐరన్ సామాను అంటే మీ కంపెనీ తప్ప ఇంకోటి చూడలేదు మేము. సుభాష్ రోడ్డులో తక్కువ రేటుకి చేసిస్తామని మనిషి వచ్చి కూర్చున్నా వద్దని పంపించినాము. అట్లాంటోళ్ళని మీరు ఇట్లా చేస్తే ఎట్లా సార్?

పిల్లల లాకర్లు ఎందుకు కొన్నామో కూడా చెప్తా. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పది శాతం దాటకూడదు, అంటే 28 కిలోల పిల్ల 2 కిలోల 800 గ్రాములకి మించి మోయకూడదు. మా పిల్లలు రాప్తాడు నుంచి, బుక్కరాయసముద్రం నుంచి బస్సుల్లో నిలబడి వస్తారు. కొన్ని పుస్తకాలు బడిలోనే పెట్టుకుంటే వీపుకి కొంచెం తెరిపి ఉంటాదని కమిటీలో మాట్లాడి, పేరెంట్స్ దగ్గర కూడా కొంత తీసుకుని కొన్నాము. అప్పుడు మీ సేల్స్ సార్ ఎంత ఓపికగా మాట్లాడినాడో! రాత్రి తొమ్మిదికి కూడా ఫోన్ ఎత్తేవాడు. మేము సొంత బీగం వేసుకునే గొళ్ళెం టైపు అడిగితే, వద్దు మేడమ్, అది ఫ్యాక్టరీలకి, జిమ్ములకి బాగుంటాది, పిల్లలు బీగాలు పోగొట్టుకుంటారు, డోరులోనే బీగం ఉండేది తీసుకోండి, అన్ని లాకర్లూ తెరిచే మాస్టర్ కీ కూడా ఇస్తాము అని ఆయనే చెప్పినాడు. సరే అన్నాము. ఆ మాస్టర్ కీ ఈరోజుటికీ రాలేదు.

లాకర్లు వచ్చినాక ఏమైందంటే, ఒక పిల్ల జామెట్రీ బాక్స్ ఇంకో పిల్ల లాకర్లో దొరికింది. ఏడో తరగతిలో పెద్ద గొడవ. ఆ రెండో పిల్లని అందరూ దొంగ అన్నారు, రెండ్రోజులు బడికి రాలేదు ఆ బిడ్డ, వాళ్ళమ్మ వచ్చి నా టేబుల్ ముందర ఏడ్చింది. తర్వాత మా పీఈటీ సార్‌కి అనుమానమొచ్చి బీగాల మీద కొట్టిన చిన్న నంబర్లు టార్చ్ వేసి చూస్తే, చాలా వాటికి ఒకటే నంబరు. ఒక లాకర్ బీగం చెవితో ఇంకో లాకర్ తెరుచుకుంటాంది, పిల్లలకి మాకంటే ముందే తెలుసంట. బీగాలు మార్చి, మాస్టర్ కీ పంపిస్తే అయిపోయే పని కదా, అంతకంటే ఏం అడిగినాము మిమ్మల్ని?

ఫోన్ చేస్తే మొదట ఒక అమ్మాయి, ఫోటో పంపండి అనింది. పంపినాము. ఫోటోలో తెలియదు, వీడియో పంపండి అన్నారు. పీఈటీ సార్ ఒక చెవితో వరసగా నాలుగు డోర్లు తెరిచి చూపించి వీడియో పంపినాడు. తర్వాత ఇంకొకాయన, లాకర్ వెనక సీరియల్ నంబర్ స్టిక్కర్ ఉంటాది అది కావల్ల అన్నాడు. గోడకి బోల్టులు వేసి బిగించింది మీ మనుషులే, వెనక్కి ఎట్లా చూడాల సార్, విప్పితే వారంటీ పోతాదని మళ్ళ మీరే చెప్తిరి. హైదరాబాద్ డీలర్‌కి చేస్తే కంపెనీని అడగండి అంటాడు, కంపెనీకి చేస్తే డీలర్‌ని అడగండి అంటారు. తెలుగుకి రెండు నొక్కమంటారు, రెండు నొక్కితే వచ్చేది హిందీలో మాట్లాడే మనిషి. ప్రతిసారీ మొదటి నుంచి కథంతా చెప్పాల, అంతా విన్నాక "లైన్‌లో ఉండండి మేడమ్" అంటారు, పాట వస్తాది, కట్ అయిపోతాది. తిరిగి చేసినోళ్ళు ఒక్కరూ లేరు.

అన్నిటికంటే కడుపు మండింది ఎక్కడంటే, నేను బ్యాంకుకి పోయినప్పుడు మీ సర్వీస్ వాళ్ళు ఆఫీసు ఫోన్‌కి చేసినారు. మా ఆయమ్మ ఎత్తింది. మనిషిని పంపాలంటే మీ ఫోన్‌కి వచ్చిన నంబర్ చెప్పమ్మా అన్నారంట, ఆమె చెప్పింది. అది హ్యాపీ కోడ్, అంటే పని బాగా అయినాక మేము చెప్పాల్సిన నంబర్, అది చెప్తే కంప్లైంట్ క్లోజ్ అయిపోతాది. నేను వచ్చి చూసేసరికి "మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్. ఎవరు పరిష్కారం చేసినారు సార్? గేటు దాటి మనిషే రాలేదు! చదువుకోని ముసలామెని నమ్మించి నంబర్ తీసుకోవడం మోసం కాదా? మళ్ళ కంప్లైంట్ పెట్టబోతే, అది క్లోజ్ అయింది, అదే బిల్లు మీద కొత్తది సిస్టం తీసుకోదు అన్నారు. మరి మేము ఎవరికి చెప్పుకోవల్ల?

బీగాలు సరిగా లేకపోవడం ఒక ఎత్తు సార్, ఇంతమంది మనుషులు ఉండి ఒక్కరు కూడా "మేము చూసుకుంటాము" అనకపోవడం ఇంకో ఎత్తు. పేరెంట్స్ రోజూ అడుగుతాండారు, వాళ్ళ డబ్బు ఉంది అందులో. ఏం చెప్పాలో తెలియక తల దించుకుంటాండా.

ధర్మవరంలో మా ట్రస్టు వాళ్ళదే ఇంకో బడి ఉంది, దానికి కూడా మీ దగ్గరే అనుకున్నాము, ఆపేసినాము. మా ట్రస్టీ గారి చెల్లెలు ఆడవాళ్ళ జిమ్ పెడతాంది, ఆమెకి కూడా వద్దని చెప్పేసినా. ఏ బడివాళ్ళు అడిగినా గొళ్ళెం టైపు తీసుకోండి, ఎవరి బీగం వాళ్ళు తెచ్చుకుంటారు, ఈ కంపెనీ మాత్రం వద్దు అనే చెప్తాము. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేస్తాము. 2019 వినియోగదారుల చట్టం కింద మేముండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చని మా వకీలు సార్ చెప్పినాడు. బిల్లు, వీడియో, ఆ మెసేజ్, మీ వాళ్ళు చేసిన కాల్స్ అన్నీ దాచి పెట్టినాము. బీగాలే కాదు, అవసరమైతే లాకర్లన్నీ వెనక్కి తీసుకుపోయి డబ్బు ఇమ్మంటాము.

ఈ లెటర్‌కి జవాబు సంతకంతో, పేరుతో ఇవ్వండి. మనిషిని పంపేటట్టయితే బడి జరిగే టైములో పంపండి. బీగాలన్నీ మార్చి, ఏడో తరగతి పిల్లల ముందర ఒక్కొక్కటి తెరిచి చూపించినాకనే కోడ్ చెప్తాము. అది కూడా నేనే చెప్తా, మా ఆయమ్మని అడగొద్దు.

ఇట్లు,
ఆఫీసు ఇన్‌చార్జి,
అనంతపురం